నాలుగో చెయ్యి

అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే బాతెల్‌లో వాన మన వానలా కురవదు. ఎప్పుడు మొదలైందో, ఆగిందో లేదో తెలియకుండా రోజంతా నడుస్తుంది. అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం, ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు భోజనాల బల్ల మీద మూడు మడతల అట్ట నిలబెట్టి, చుట్టూ జిగురు, కత్తెర, రంగు కాగితాలు పరుచుకుని కూర్చుంది. సోమవారానికి బళ్ళో చూపించాలట. యూరప్ వాళ్ళు కొత్త సముద్ర మార్గాలు ఎందుకు వెతికారన్నది విషయం.

"అమ్మమ్మా, నువ్వు హెల్ప్ చేస్తావా? నీకు డేట్స్ అన్నీ గుర్తుంటాయి కదా," అంది.

గుర్తుంటాయి. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఈ ఇంట్లో ఎవరి వీసా ఏ రోజుతో అయిపోతుందో అడిగినా నేనే చెప్పాలి. కళ్ళజోడు పెట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గరే మాకు పేచీ వచ్చింది. కుళ్ళిపోయిన మాంసం వాసన తెలియకుండా ఉండడానికి యూరప్ వాళ్ళకి మిరియాలు కావలసి వచ్చాయని రాసింది.

"ఇది ఎవరు చెప్పారు నీకు?"

"ఎవ్రీబడీ నోస్ దట్. వాళ్ళకి ఫ్రిజ్ లేదు కదా."

"మిరియాలు గొప్పవాళ్ళే కొనగలిగేవారని కింద నువ్వే రాశావు. మిరియాలు కొనగలిగినవాడు తాజా మాంసం కొనుక్కోలేడా?"

పెన్సిలు నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "ఓ. దట్ మేక్స్ సెన్స్," అని కొట్టేసింది. "అయితే నువ్వు చెప్పు, వాళ్ళు ఎందుకు వెళ్ళింది?"

అట్ట మధ్యలో అంటించిన ప్రపంచ పటం మీద నా వేలు పెట్టి చూపించాను. మలబారులో రైతు దగ్గర ఒక వర్తకుడు కొంటాడు. అతని దగ్గర అరబ్బు ఓడవాడు కొంటాడు. ఎర్ర సముద్రం దాటాక ఒంటెలవాడు, తర్వాత ఈజిప్టు రేవులో ఒకడు, మధ్యధరా సముద్రం మీద వెనిస్ వాడు, చివరికి ఆ ఊరి అంగడివాడు.

"రైతు దగ్గర ఒక రూపాయి అనుకో. ఆరుగురూ తలా సగం చొప్పున పెంచుతూ పోతారు. చివర ఎంత?"

పక్క కాగితం మీద చేసుకుంది. "లెవెన్ పాయింట్ సంథింగ్! ఆర్ యూ సీరియస్?"

"పాయింట్ తర్వాత ఎంతో కూడా రాయి. అంతే మరి. ఆ చేతులన్నీ దాటి నేరుగా రైతు దగ్గరికి వెళ్ళాలనుకున్నారు. అందుకే ఓడలు కట్టారు. చేతులు తగ్గించుకోవాలని బయల్దేరినవాళ్ళే చివరికి తుపాకులు పట్టుకున్న పెద్ద చెయ్యి అయి కూర్చున్నారు. అది కూడా రాయి."

అప్పుడే మా అమ్మాయి ఉతికిన బట్టల బుట్టతో పైనుంచి దిగింది. "అమ్మా, దానికి తాతగారి సంగతి చెప్పు. మనది జెనరేషన్స్ నుంచీ స్పైస్ బిజినెస్ కదా! బోర్డు మీద పెడితే టీచర్ ఫిదా అయిపోతుంది."

"కిరాణా కొట్టు," అన్నాను.

"అదే, స్పైస్ మర్చంట్. వినడానికి ఎంత బాగుందో చూడు," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మనవరాలు అప్పటికే ఊదారంగు కాగితం కత్తిరించింది. మా ముత్తాత సుగంధ ద్రవ్యాల వర్తకుడు అని ఇంగ్లీషులో, అందమైన అక్షరాలతో రాసి అట్ట మధ్యలోని పటం మీద అంటించింది. ఆ కాగితం అంచులు నేనే వేలితో నొక్కాను. తర్వాత మూడో మడత మీద బొమ్మలు అంటించసాగింది. మిరియాల కోసం బయల్దేరినవాళ్ళు ఈ అమెరికా ఖండంలో దొరికినవి మన వైపు చేరవేశారు కదా, అవి. బంగాళాదుంప, టమాటా, మిరపకాయ. మిరపకాయ సంగతి నాకు తెలుసు. దాని కింద అంటించిన బొమ్మ చూసి, "ఇది కూడానా?" అన్నాను.

"పపాయా? యా, టోటల్లీ. పోర్చుగీస్ షిప్స్‌లో వెళ్ళింది."

నా చేతిలోని జిగురు గొట్టం బల్ల మీద పెట్టేశాను. బొప్పాయి కూడా ఆ ఓడల్లోనే వచ్చిందన్న సంగతి నాకు ఇంత వయసు వచ్చేదాకా తెలియదు. తెలిసి ఉంటే చిన్నప్పటి ఆ ఏడాది గురించి నా సిగ్గు ఇంకొంచెం పెరిగి ఉండేది.

మాది సముద్రానికి దగ్గర్లో ఒక ఊరు. పేరు రాయను, ఏ సంవత్సరమో కూడా రాయను. రెండూ నాకు బాగా తెలుసు. కాని మావాళ్ళ పిల్లల పిల్లలు ఇప్పటికీ అక్కడ వ్యాపారం చేసుకుంటున్నారు.

ముందు కొట్టు, వెనక ఇల్లు. మధ్యలో గోనెపట్టా తెర. ఆ తెర తొలగిస్తే చాలు, ఇంగువ, పాత బెల్లం, కిరసనాయిలు, ఎండుమిరపకాయల ఘాటు అన్నీ కలిసి ముక్కుకి తగిలేవి. బళ్ళో పక్క పిల్లలు నా జడ వాసన చూసి "ఇవాళ మీ కొట్లోకి జీలకర్ర వచ్చిందే!" అనేవాళ్ళు. అది నాకు గొప్పగా ఉండేది.

తాతయ్య ఉన్న రోజుల్లో మా ఇంటికి ఒక పద్ధతి ఉండేది. కొట్లో మంచి సరుకు కొనేవాళ్ళకి. మిగిలింది ఇంటికి. బియ్యం జల్లిస్తే దిగిన నూకలు మాకు. బస్తా అడుగున ముక్కలైన కందిపప్పు మాకు. బెల్లం దిమ్మ కరిగి గోనెకి అంటుకుంటే ఆ గోనె గీకి తీసింది మాకు. పండగనాడు కూడా అంతే. నేను గునిస్తే నాయనమ్మ, "మనం తినేది బాగుంటే కొట్లోది బాగాలేదని అర్థమే, పిచ్చిదానా," అనేది. కోమటి ఇంట్లో పుట్టి నూకల ఉప్మా తినడమేమిటని మా అమ్మ కూడా కాపరానికి వచ్చిన కొత్తల్లో ఏడ్చిందట.

తాతయ్య పోయాక కొట్టు నాన్న చేతికి వచ్చింది. కొన్నాళ్ళకి మా ఇంట్లో అన్నం తెల్లబడింది. పప్పు గుండ్రంగా ఉడకసాగింది. మిరియాలు, జీలకర్ర, ఆవాలు నాన్నే విడిగా డబ్బాల్లో పోసి అమ్మకి తెచ్చి ఇచ్చేవాడు. మేం పిల్లలం ఎగిరి గంతేశాం. నాయనమ్మకి అప్పటికే చూపు బాగా మందగించింది. ముద్ద నోట్లో పెట్టుకుని, "వ్యాపారం బాగున్నట్టుంది, మిగులు కూడా బాగుంటోంది," అనేది. అమ్మ ఇంకొంచెం అన్నం వడ్డించేది.

ఆ వేసవిలోనే నాన్న మాకొక పని అప్పజెప్పాడు. మా పెరట్లో నూతి పక్కన బొప్పాయి చెట్లుండేవి. ఇంకా సరిపోక సంతలోంచి పండిన కాయలు తెప్పించేవాడు. పండు మేం తినాలి, గింజలు ఒక తట్టలో వేయాలి. గింజ చుట్టూ ఉండే జిగట సంచిని గోనె మీద రుద్ది వదలగొట్టి, కడిగి, డాబా మీద చాప పరిచి ఎండబెట్టాలి. "మందులకి పంపుతాను," అన్నాడు నాన్న. ఎండినకొద్దీ ఆ గింజలు ముడుచుకుని నల్లబడేవి. నేనూ తమ్ముడూ కాకుల్ని తోలుతూ, ఒకరి మీద ఒకరు గింజలు విసురుకుంటూ, గింజ నమిలి ఆ చేదు కారానికి ఎవరు ముందు ఉమ్మేస్తారో పందెం వేసుకుంటూ పొద్దంతా అక్కడే ఉండేవాళ్ళం. ఒళ్ళంతా బొప్పాయి పాల వాసన. అంత సంతోషంగా గడిచిన వేసవి నాకు ఇంకొకటి లేదు. అది రాయడానికే సిగ్గుగా ఉంది.

వేసవి చివర తాతయ్య తద్దినం వచ్చింది. తద్దినం వంటలో మిరపకాయ వాడరు, మిరియమే వాడతారు. మా ఇళ్ళల్లో బ్రాహ్మణుడికి వండిపెట్టే ఆచారం లేదు. స్వయంపాకం ఇస్తాం. బియ్యం, పెసరపప్పు, నెయ్యి, బెల్లం, అరటికాయలు, కంద, మిరియాలు అన్నీ చేటలో పెట్టి పంతులుగారికి దానం చేస్తే, ఆయన ఇంటికి తీసుకెళ్ళి వండించుకుని భోజనం చేస్తారు. ఆయన తింటే తాతయ్య తిన్నట్టు. నాయనమ్మకి ఏడాదిలో ఆ ఒక్కరోజే పెళ్ళిరోజు లాంటిది. తెల్లవారకముందే తలస్నానం చేసి, చేట ముందు కూర్చుని, ప్రతి దినుసూ వేళ్ళతో తడిమి చూసి పెట్టేది.

అమ్మ ఇంట్లో డబ్బా తీసి దొన్నెలో మిరియాలు పోయబోయింది.

"అవి ఎక్కడివే?" అంది నాయనమ్మ.

"ఇంట్లోవే అత్తయ్యగారూ. బాగున్నాయి."

"ఇంట్లోవా? మీ మామగారికి మిగిలినవి పెడతామా? కొట్లోంచి తెప్పించు."

"ఇవి నిన్ననే తెచ్చారు..."

"కొట్లోవి తెప్పించమన్నానా!"

అమ్మ చెయ్యి డబ్బా మీద అలాగే ఉండిపోయింది. నాన్న అప్పటికే తడిపంచెతో పీట మీద కూర్చున్నాడు, పంతులుగారు మంత్రం మొదలుపెట్టారు. అమ్మ నా వైపు తిరిగి, నా మొహం చూడకుండా, "వెళ్ళి కొట్లో డబ్బాలోంచి గుప్పెడు తే," అంది. మూసి ఉన్న కొట్లోకి వెళ్ళి తెచ్చాను. నాయనమ్మ వాసన చూసి తృప్తిగా చేటలో పెట్టింది. నాన్న ఆ చేట మీద నీళ్ళు వదిలి ధారపోశాడు. దొన్నెలో ఉన్నవి ఎక్కడివో ఆయనకి తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పంతులుగారి భార్య మా పెరటి గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ నెమ్మదిగా, ఎవరికైనా అడ్డమేమో అన్నట్టు నడిచేది. చేతిలో చిన్న ఇత్తడి చెంబు, దాని మీద ఆకు మూత.

"ఏవమ్మా, ఏదైనా తక్కువైందా?" అంది నాయనమ్మ కంగారుగా.

"అయ్యయ్యో, తక్కువేం లేదు పెద్దమ్మగారూ. అన్నీ నిండుగా ఇచ్చారు. తప్పుగా అనుకోకండి. మిరియాలు కడుగుతుంటే..." అని ఆకు తీసింది. "సగానికి సగం తేలిపోయాయండి. ఏవో గింజల్లా ఉన్నాయి. నా దగ్గర నాలుగుంటే అవి వేసి చారు పెట్టేశాను, ఆయన భోజనం అయిపోయింది. టోకు వర్తకుడెవరో మీ అబ్బాయిని మోసం చేస్తున్నట్టున్నాడు. పాపం ఆయనకి తెలిసుండదు, చెబితే మంచిదని వచ్చాను."

నాయనమ్మ చెంబులో వేళ్ళు పెట్టి ఒక గింజ తీసింది. గోటితో నొక్కింది. అది పుటుక్కున చితికింది. నా కళ్ళు కావాలి కాబట్టి నన్ను పిలిచింది. "ఏవిటే ఇది, చూడు?"

నన్ను అడిగినందుకు నాకు ఎంత గర్వమో! "ఇవి మందు గింజలు నాయనమ్మా! బొప్పాయివి. మేమే డాబా మీద ఎండబెట్టాం. నాన్న గోనెలో పోసి కొట్లో పెట్టాడు."

వంటింట్లో అమ్మ తోముతున్న గిన్నె చప్పుడు ఆగిపోయింది. పంతులుగారి భార్య నేలచూపులు చూస్తూ పైట సర్దుకుంది. "వస్తానండి. పిల్లలు బళ్ళోంచి వచ్చే వేళైంది," అని చెంబు అక్కడే వదిలేసి గబగబా వెళ్ళిపోయింది.

ఆవిడకి పిల్లలు లేరు.

సాయంత్రం నాన్న కొట్టు తెరిచాడు. నాయనమ్మ విధవరాలైన దగ్గర్నుంచీ తెర దాటి కొట్లోకి వచ్చింది లేదు. ఆ రోజు వచ్చింది. గోడ తడుముకుంటూ వచ్చి, ఆ చెంబు తక్కెడ పక్కన పెట్టింది. బెల్లం కోసం వచ్చిన ఒకావిడ, కల్లుప్పు కొంటున్న ఒక ముసలాయన, ఇద్దరూ చూస్తున్నారు. నేను తెర పట్టుకుని నిలబడ్డాను.

నాన్న చెంబులోకి చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "లోపలికి పదమ్మా, మాట్లాడుకుందాం."

"లోపలెందుకు? మీ నాన్న ఇక్కడే కూర్చునేవాడు."

"ఊరంతా కలుపుతోందమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "సరుకు నా దాకా వచ్చేసరికే మూడు చేతులు మారుతోంది. ఒక్కొక్కడూ ఏదో ఒకటి కలిపే పంపుతాడు. నేనొక్కణ్ణీ నిజాయితీ పట్టుకు వేళ్ళాడితే కొట్టు మూసుకోవాలి."

"నాలుగో చెయ్యి నీదా?"

నాన్న చెంబుని తక్కెడ వెనక్కి జరిపాడు.

"ఇవాళ మీ నాన్న కూడా నీ దగ్గరే కొనుక్కున్నాడురా," అంది నాయనమ్మ. "ఆకలితో వచ్చాడు. ఏం పెట్టాను ఆయనకి? పంతులుగారి ఇల్లాలు తన డబ్బాలోవి వేసి పెట్టింది. నేను పెట్టింది నీళ్ళ మీద తేలింది."

ఉప్పు ముసలాయన చేతిలోని పొట్లం మెల్లగా బల్ల మీద పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. బెల్లం ఆవిడ మాత్రం నిలబడి, "అవును శెట్టిగారూ, మా పిల్లాడి దగ్గుకి మొన్న మీ దగ్గరే కదూ మిరియాలు తీసుకెళ్ళింది? తగ్గదేమిటా అనుకున్నాను," అంది. నాన్న గల్లా పెట్టె తెరిచి ఆవిడకి డబ్బు తిరిగి ఇవ్వబోయాడు. ఆవిడ తీసుకోలేదు. తీసుకుని ఉంటే బాగుండేది.

మర్నాడు నాయనమ్మ నా భుజం పట్టుకుని బజారుకి బయల్దేరింది. నాన్న అరుగు దిగి అడ్డం వచ్చాడు. "నీకేం కావాలో చెప్పమ్మా, తెప్పిస్తాను. నలుగురూ చూస్తారు."

"చూడనీ."

బజారు ఆ చివర ఇంకొక కొట్టు ఉండేది. నాన్నకీ ఆ కొట్టాయనకీ మాటల్లేవు. నాయనమ్మ ఆ కొట్టు ముందు నిలబడి, "గిద్దెడు మిరియాలు ఇవ్వు నాయనా, మంచివి," అంది. ఆయన కొలవడం మర్చిపోయి ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయాడు. పక్క కొట్లవాళ్ళు బయటికి వచ్చారు. శెట్టిగారి తల్లి వేరే కొట్లో మిరియాలు కొందన్న వార్త మేం ఇంటికి రాకముందే ఇంటికి చేరింది. నాయనమ్మ ఒక్కరితోనూ ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేదు.

బళ్ళో నా పేరు పోయింది. "ఏమే బొప్పాయి గింజా, ఇలా రా!" "దాన్ని నీళ్ళలో పడేయండే, తేలుతుందో లేదో చూద్దాం!" నా జడ వాసన చూసేవాళ్ళు లేరు. నాన్న బొప్పాయి చెట్లు కొట్టించేశాడు. కొట్లో మిరియాల డబ్బా ఖాళీ చేసి, మంచి సరుకు తెచ్చి పోశాడు. మళ్ళీ మా ఇంటికి నూకలు వచ్చాయి. అయినా జనం మా కొట్లో చింతపండు కొని, మిరియాలకి బజారు ఆ చివరికి నడిచేవాళ్ళు. తర్వాతి తద్దినం దాకా నాయనమ్మ బతకలేదు. వానాకాలం వెళ్ళకముందే పోయింది. తాతయ్యకి ఆ భోజనం మళ్ళీ పెట్టే అవకాశం ఆవిడకి రాలేదు.

ఆదివారం పొద్దున్న మనవరాలితో, ఆ ఊదా కాగితం తీసేయమన్నాను. మా అమ్మాయి కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, "ఎందుకమ్మా? బాగుంది కదా," అంది. ఇద్దరినీ కూర్చోబెట్టి, పైన రాసింది చెప్పాను. మా అమ్మాయి కప్పు బల్ల మీద పెట్టి, "ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?" అంది.

మనవరాలు మాత్రం సూటిగా అడిగింది. "సో, ఆయన మిడిల్‌మ్యాన్?"

"అవును."

"వాజ్ హి మీన్?"

"లేదు. చాలా మంచివాడు."

"దెన్ వై వుడ్ హి డు దట్?"

"ముందున్న ముగ్గురూ చేశారని."

అది కాగితం పీకేసింది. అట్ట కొంచెం చిరిగింది. ఆ చిరుగు కప్పడానికి నా చెయ్యి పట్టుకుని పటం మీద, మలబారుకీ అరేబియాకీ మధ్య పెట్టి, వేళ్ళ చుట్టూ పెన్సిలుతో గీసింది. "ఐ నీడ్ ఎ హ్యాండ్, అమ్మమ్మా. కదలకు," అంది. నేను కదల్లేదు.

వాళ్ళకి చెప్పనిది ఒకటి ఉంది.

నాయనమ్మ పోయిన తర్వాత, ఆ చలికాలంలో, నేను బళ్ళో ఒక పిల్ల పలక పగలగొట్టి, ఇంకొక పిల్ల మీదికి నెట్టాను. ఆ పిల్లకి దెబ్బలు పడ్డాయి. సాయంత్రానికి నిజం బయటపడి, మా క్లాసు పంతులమ్మ స్వయంగా మా కొట్టుకి వచ్చి నాన్నతో చెప్పింది. మా నాన్నకి అబద్ధం అంటే అసలు పడేది కాదు. అంతకుముందు నేను ఒక చిన్న అబద్ధం ఆడితే అన్నం పెట్టనివ్వకుండా అరుగు మీద నిలబెట్టిన మనిషి. పంతులమ్మ వెళ్ళిపోయాక నేను తెర దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. వీపు గట్టి చేసుకున్నాను.

నాన్న లేచి వచ్చాడు. "అబద్ధం..." అన్నాడు. అంతే. నేను తలెత్తి చూశాను. ఎదిరించాలని కాదు, మాట ఆగిపోయిందేమిటా అని. ఆయన నా చూపు తప్పించి, తక్కెడ పళ్ళెం తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

"కాళ్ళు కడుక్కుని అన్నం తిను," అన్నాడు.

ఆ తర్వాత నేను పరీక్ష తప్పినప్పుడు గాని, ఆయన కుదిర్చిన సంబంధం వద్దన్నప్పుడు గాని, ఆయనకి చెప్పకుండా ఉద్యోగంలో చేరినప్పుడు గాని, పోయేదాకా నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. కూతురంటే ఆయనకి అంత ప్రాణమని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. మా అత్తవారింట్లో కూడా అలాగే అనుకున్నారు. నేను కాదనలేదు.